కప్పు కొట్టాక... కష్టాలు మొదలు!

ఒక ఏడాది లక్ష మంది జేజేల మధ్య కప్పు. మరుసటి ఏడాది ఫైనల్స్ గడప కూడా తొక్కలేని దైన్యం. ఆస్ట్రేలియా వాళ్లు ప్రాణంగా చూసుకునే 'ఫుటీ'లో ఇది మామూలే. డబ్బు లేకనా? ఆట రాకనా? రెండూ కాదు. గెలిచినవాడు గెలుస్తూనే ఉండకూడదన్నది అక్కడి లీగ్ రాసుకున్న రాజ్యాంగం!

మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ అనగానే మన ఇళ్లలో గుర్తొచ్చే దృశ్యం ఒకటుంది. 2024 డిసెంబరు 28. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ పూర్తిచేసి, బ్యాటును నేలమీద నిలబెట్టి, దానికి హెల్మెట్ తగిలించి మోకాలిమీద కూర్చున్నాడు. గ్యాలరీలో తండ్రి ముత్యాల రెడ్డి కన్నీళ్లు ఆపుకోలేకపోయారు. టీవీల ముందున్న మనమూ అంతే!

సరిగ్గా మూడు నెలల ముందు, సెప్టెంబరు 28న అదే మైదానం మరో దృశ్యం చూసింది. అప్పుడు అక్కడ పిచ్ లేదు, వికెట్లు లేవు. రెండువైపులా నాలుగేసి పొడవాటి స్తంభాలు. కోలగా ఉన్న ఎర్రటి బంతి. గ్యాలరీల్లో లక్ష మంది. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ గ్రాండ్ ఫైనల్ అది. బ్రిస్బేన్ లయన్స్ జట్టు సిడ్నీ స్వాన్స్‌ను 60 పాయింట్ల తేడాతో చిత్తుచేసింది.

చిత్రమేమిటంటే, ఆ ఏడాది లీగ్ పట్టికలో అగ్రస్థానం సిడ్నీదే. ఫైనల్లో ఓడినా అంతటి జట్టు మర్నాటినుంచే పుంజుకుంటుందనీ, వచ్చే ఏడాది కసిగా కప్పు కొడుతుందనీ ఎవరైనా అనుకుంటారు. కానీ ఏమైంది? 2025లో సిడ్నీ 10వ స్థానంతో సరిపెట్టుకుంది. ఆ ఏడాది తొలి 8 జట్లు ఆడిన ఫైనల్స్‌కే రాలేదు.

ఓడిన జట్టు సంగతి సరే. గెలిచినవాళ్ల కథలు ఇంకా విచిత్రం.

శిఖరం నుంచి లోయలోకి

2008లో హాథార్న్ క్లబ్బు విజేత. 2009లో 9వ స్థానం. 2016లో వెస్టర్న్ బుల్‌డాగ్స్ విజేత. 2017లో 10వ స్థానం. 2020లో రిచ్‌మండ్ వరుసగా రెండోసారి విజేత, నాలుగేళ్లలో మూడో కప్పు. 2021లో 12వ స్థానం. 2022 గ్రాండ్ ఫైనల్లో గీలాంగ్ 81 పాయింట్ల తేడాతో గెలిచింది. ఏడాది తిరిగేసరికి 12వ స్థానం. 2023లో కాలింగ్‌వుడ్ కప్పు అందుకుంది. 2024లో 9వ స్థానం.

లెక్క తీస్తే 2016 నుంచి 2023 వరకు జరిగిన 8 సీజన్ల విజేతల్లో 4 జట్లు మరుసటి ఏడాది ఫైనల్స్‌కే చేరలేదు. అంటే సగానికి సగం!

దీనికి రెండోవైపు కూడా ఉంది. కాలింగ్‌వుడ్ 2021లో 18 జట్లలో 17వది. రెండేళ్లకే విజేత. 2016లో రిచ్‌మండ్ 13వది. 2017లో విజేత. అడిలైడ్ 2024లో 15వ స్థానంలో ఉండి 2025లో లీగ్ దశను అగ్రస్థానంతో ముగించింది. అంతలోనే ఫైనల్స్‌లో వరుసగా రెండు మ్యాచ్‌లు ఓడి ఇంటిదారి పట్టింది. పడేది ఎంత వేగమో, లేచేదీ అంతే వేగం. పిల్లలు ఆడుకునే వైకుంఠపాళి గుర్తొస్తోంది కదూ! ఇక్కడ నిచ్చెనలూ పాములూ లీగ్ వాళ్లు పెట్టినవే.

ఇంతకీ ఏమిటీ ఆట?

ఫుట్‌బాల్ అనగానే మనకు మెస్సీ, రొనాల్డో ఆడే ఆట మెదులుతుంది. ఇది అది కాదు. 1858లో టామ్ విల్స్ అనే క్రికెటర్‌కు ఓ ఆలోచన వచ్చింది. చలికాలంలో క్రికెటర్లు ఖాళీగా కూర్చుంటే ఒళ్లు బరువెక్కుతుంది, ఏదో ఒక ఆట ఆడించాలి అని. అలా మొదలైన ఆటకు 1859లో మెల్‌బోర్న్‌లో నిబంధనలు రాశారు. అందుకే ఇప్పటికీ దీన్ని క్రికెట్ మైదానాల్లోనే ఆడతారు.

మైదానంలో ఒక్కో జట్టుకు 18 మంది. బంతిని తన్నొచ్చు, పిడికిలితో గుద్ది అందించొచ్చు. విసరకూడదు. మధ్య రెండు స్తంభాల మధ్యనుంచి తన్నితే గోల్, 6 పాయింట్లు. పక్క స్తంభాల మధ్యనుంచి పోతే 1 పాయింటు. నాలుగు భాగాల ఆటలో కొందరు 12 నుంచి 15 కిలోమీటర్ల దాకా పరుగెడతారు. మధ్యలో ఢీకొట్టుకోవడాలు, ఒకరి భుజాలమీదికి ఒకరు ఎగిరి బంతి పట్టడాలు అదనం. మార్చిలో మొదలై సెప్టెంబరు ఆఖరి శనివారం గ్రాండ్ ఫైనల్‌తో ముగుస్తుంది. విక్టోరియా రాష్ట్రంలో అయితే దానికి ముందురోజు శుక్రవారం ప్రభుత్వ సెలవు!

పాతరోజుల్లో ఇలా కాదు

ఒకప్పుడు ఈ ఆటలోనూ పెద్దన్నలదే రాజ్యం. కాలింగ్‌వుడ్ 1927 నుంచి 1930 వరకు వరుసగా నాలుగుసార్లు గెలిచింది. మెల్‌బోర్న్ క్లబ్బు 1955-60 మధ్య ఆరేళ్లలో ఐదు కప్పులు పట్టుకుపోయింది. బాగా డబ్బున్న క్లబ్బు, బాగా జనం ఉన్న క్లబ్బు గెలుస్తూ ఉండేవి. మిగిలినవాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు.

1980ల్లో పరిస్థితి మారింది. ఆటగాళ్ల జీతాలు పెరిగాయి. పేటలపేరుతో పుట్టిన చిన్న క్లబ్బులు అప్పుల్లో కూరుకుపోయాయి. సౌత్ మెల్‌బోర్న్ క్లబ్బు బతకలేక 1982లో మూటాముల్లె సర్దుకుని సిడ్నీ వెళ్లిపోయింది. ఇప్పటి సిడ్నీ స్వాన్స్ అదే. 1989లో ఫుట్‌స్క్రే అనే కార్మికవాడ క్లబ్బును మరో క్లబ్బులో కలిపేయాలని చూస్తే, అభిమానులు వీధుల్లోకి వచ్చి చందాలు పోగుచేసి కాపాడుకున్నారు. 1896లో ఈ లీగ్‌ను స్థాపించిన క్లబ్బుల్లో ఒకటైన ఫిట్‌జ్రాయ్‌కి మాత్రం ఆ అదృష్టం లేదు. 1996 సీజను ముగిశాక దాన్ని బ్రిస్బేన్ జట్టులో కలిపేశారు. తాతల నాటినుంచి ఒకే జట్టు కండువా కప్పుకొన్న కుటుంబాలకు ఒక్కసారిగా జట్టే లేకుండా పోయింది.

అందరూ బతకాలంటే అందరికీ గెలిచే అవకాశం ఉండాలి. లేకపోతే జనం రారు, టీవీవాళ్లు డబ్బివ్వరు. లీగ్ పెద్దలకు ఈ సంగతి అర్థమైంది. జీతాలకు పరిమితి పెట్టారు. 1986లో డ్రాఫ్ట్ పద్ధతి తెచ్చారు. ఇప్పటి కథంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

మొదటి తాడు... జీతాల పరిమితి

ఏ క్లబ్బు అయినా ఆటగాళ్లందరికీ కలిపి ఏడాదికి ఇంతకుమించి ఇవ్వకూడదు. ఇప్పుడది కోటిన్నర ఆస్ట్రేలియా డాలర్ల పైమాటే. ఆ సొమ్ములోనే 40 మందికి పైగా ఆటగాళ్లను పోషించాలి.

మన ఇంటి లెక్కలోకి రండి. నెలకు ఇంత అని సరుకుల డబ్బు కట్టేశారు. బియ్యం ధర పెరిగితే ఏం చేస్తాం? పప్పో నూనో తగ్గిస్తాం. క్లబ్బు పరిస్థితీ అదే. కప్పు గెలిచిన మర్నాటికి జట్టులో ప్రతి కుర్రాడి ధరా పెరుగుతుంది. నిన్నటిదాకా అనామకుడు ఇవాళ విజేత. పక్క క్లబ్బు రెట్టింపు ఇస్తానంటుంది. అతణ్ని నిలుపుకోవాలంటే ఇంకొకరిని వదులుకోవాలి. అందరినీ ఉంచుకోవడం లెక్క ప్రకారం కుదరదు.

2013లో హాథార్న్ కప్పు గెలిచింది. అప్పటికి దేశంలోనే పేరుమోసిన ఫార్వర్డ్ లాన్స్ ఫ్రాంక్లిన్ ఆ జట్టువాడే. గెలిచిన సంబరాలు చల్లారకముందే అతడు సిడ్నీ స్వాన్స్‌కు వెళ్లిపోయాడు. 9 ఏళ్లకు కోటి డాలర్ల ఒప్పందం! 2012నుంచి అమల్లోకి వచ్చిన స్వేచ్ఛా బదిలీ నిబంధన వల్ల పాత క్లబ్బు చూస్తూ ఉండిపోవాల్సి వచ్చింది.

మరి పరిమితి దాటి దొంగచాటుగా ఇస్తే? కార్ల్‌టన్ క్లబ్బు ఆ పనే చేసింది. 16 కప్పులు గెలిచిన ఘనమైన చరిత్ర దానిది. 2002లో గుట్టు బయటపడింది. 9 లక్షల డాలర్లకు పైగా జరిమానా పడింది. అంతకన్నా పెద్ద దెబ్బ, డ్రాఫ్ట్‌లో మేలైన కుర్రాళ్లను ఎంచుకునే అవకాశం పోవడం. ఆ ఏడాదే చరిత్రలో తొలిసారి పట్టికలో అట్టడుగుకు పడింది. ఆ తర్వాత 2005, 2006, 2015, 2018ల్లోనూ అదే చోటు. 1995 తర్వాత ఆ క్లబ్బు 2025 దాకా కప్పు ముఖం చూడలేదు.

రెండో తాడు... డ్రాఫ్ట్

ఏటా నవంబరులో 18 ఏళ్లు నిండిన కుర్రాళ్లను క్లబ్బులు ఎంచుకుంటాయి. వేలంపాట ఉండదు. వరస మాత్రం తలకిందులు. ఆఖరి స్థానంలో ఉన్న జట్టుకు తొలి ఎంపిక. కప్పు గెలిచిన జట్టుకు ఆఖరి ఎంపిక. బడిలో వెనకబెంచీ పిల్లాడికి ముందు వడ్డించి, ఫస్ట్‌ర్యాంకు పిల్లాణ్ని చివర కూర్చోబెట్టినట్టు!

ఒక ఏడాదికైతే తేడా తెలియదు. నాలుగైదేళ్లు వరుసగా పైన ఉన్న జట్టుకు వరుసగా ఆఖరి ఎంపికలే. సీనియర్లకు వయసు మీద పడుతుంది. వాళ్ల స్థానాల్లోకి రావాల్సిన కుర్రాళ్లు అప్పటికే కింది జట్లలో ఎదిగిపోయి ఉంటారు. 2021లో రిచ్‌మండ్‌తో మొదలైంది సరిగ్గా ఇదే. మూడు గ్రాండ్ ఫైనళ్లలోనూ ఉత్తమ ఆటగాడిగా నిలిచిన డస్టిన్ మార్టిన్ లాంటి దిగ్గజాలు ఒక్కొక్కరే తప్పుకొన్నారు. 2024కు వచ్చేసరికి ఆ క్లబ్బు అట్టడుగున ఉంది.

గురువుల్నీ ఎత్తుకుపోతారు

ఆటగాళ్ల జీతాలకు పరిమితి ఉంది కానీ తెలివితేటలకు లేదుగా! గెలిచిన జట్టు దగ్గర ఏదో మంత్రం ఉందని అందరికీ అనుమానం. ఆ మంత్రం తెలిసిన సహాయ కోచ్‌లకు పిలుపులొస్తాయి. ప్రధాన కోచ్ పదవి ఇస్తామంటే ఎవరు కాదంటారు?

దీనికి హాథార్న్‌ను మించిన ఉదాహరణ లేదు. అలెస్టర్ క్లార్క్‌సన్ కోచ్‌గా ఆ క్లబ్బు 2008లోనూ, మళ్లీ 2013, 14, 15ల్లో వరుసగా మూడుసార్లూ గెలిచింది. ఆయన దగ్గర పనిచేసిన డేమియన్ హార్డ్‌విక్ రిచ్‌మండ్‌కు వెళ్లి మూడు కప్పులు తెచ్చాడు. ల్యూక్ బెవరిడ్జ్ వెస్టర్న్ బుల్‌డాగ్స్‌కు ఒకటి. ఆడమ్ సింప్సన్ వెస్ట్ కోస్ట్‌కు ఒకటి. హాథార్న్‌లో జట్టు వ్యవహారాలు చూసిన క్రిస్ ఫాగన్ బ్రిస్బేన్‌కు రెండు. అంటే 2016-2025 మధ్య పది కప్పుల్లో ఏడు హాథార్న్ బడిలో చదువుకున్న నలుగురు గెలిచారు. హాథార్న్ మాత్రం ఆ పదేళ్లలో ఒక్కటీ గెలవలేదు! వండినవాళ్లు ఒకరు, విందు ఆరగించింది ఇంకొకరు.

కోచ్‌లు పోకపోయినా కిటుకులు దాగవు. ప్రతి మ్యాచ్ వీడియోలో ఉంటుంది. విజేత జట్టు బంతిని ఎలా కదిలిస్తోంది, ఎక్కడ మాటు వేస్తోంది... అన్నీ చలికాలం సీజను పోయి ఎండాకాలం వచ్చేలోపు మిగతా 17 క్లబ్బులూ కూర్చుని చదివేస్తాయి. మార్చిలో విజేత జట్టు దిగేసరికి దాని పరీక్ష పేపరు అప్పటికే లీకైపోయి ఉంటుంది.

ఒళ్లు కట్టే వడ్డీ

ఓడిన జట్లకు ఆగస్టు చివరికల్లా సీజను ముగుస్తుంది. విజేతకు సెప్టెంబరు చివరిదాకా పోరాటమే. అందులోనూ ఆ ఆఖరి నెల ఆటలు మామూలువి కావు. ఆపైన సంబరాలు, సన్మానాలు. గాయాలకు శస్త్రచికిత్సలు అప్పటిదాకా వాయిదా పడుతుంటాయి. కోలుకునేసరికి కొత్త సీజను సన్నాహాలు తలుపు తడతాయి. ప్రత్యర్థులు నెల ముందే విశ్రాంతి తీసుకుని నెల ముందే కసరత్తు మొదలుపెడతారు.

హాథార్న్ 2008 విజయాన్నే చూడండి. ఆ గ్రాండ్ ఫైనల్లో డిఫెండర్ ట్రెంట్ క్రోడ్ పాదం విరిగింది. అతడు మళ్లీ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. జట్టుకు పెద్దదిక్కయిన షేన్ క్రాఫర్డ్ ఆ విజయంతోనే రిటైరయ్యాడు. కప్పు వచ్చింది. జట్టు చెదిరింది.

దీనికి తోడు మ్యాచ్‌ల కేటాయింపు ఒకటి. 18 జట్ల లీగ్‌లో ఒక్కో జట్టు 23 మ్యాచ్‌లు ఆడుతుంది. 17 జట్లతో ఒక్కోసారి ఆడాక ఇంకా 6 మిగులుతాయి. ఆ ఆరింటిలో ఎవరితో రెండోసారి ఆడాలన్నది గత ఏడాది స్థానాన్నిబట్టి చూస్తారు. పైనున్న జట్లకు పైవాళ్లతో ఎక్కువ, కిందున్నవాళ్లకు కిందివాళ్లతో ఎక్కువ. గెలిచినందుకు దక్కే బహుమతి... మరింత కష్టమైన ప్రశ్నపత్రం!

జుట్టంత తేడా

ఇన్ని తాళ్లతో అందరినీ ఒకేచోట కట్టేస్తే ఏమవుతుంది? జట్ల మధ్య తేడా జుట్టంత మిగులుతుంది. అక్కడ అదృష్టానికి పనిపడుతుంది.

2023లో కాలింగ్‌వుడ్ మూడు ఫైనల్స్ మ్యాచ్‌లు ఆడి కప్పు గెలిచింది. మొదటిది 7 పాయింట్ల తేడాతో. రెండోది 1 పాయింటుతో. గ్రాండ్ ఫైనల్ 4 పాయింట్లతో. మొత్తం కలిపితే 12. అంటే రెండంటే రెండు గోల్స్! ఒక్క బంతి స్తంభానికి అటుగా తగిలి ఉంటే చరిత్రపుస్తకంలో పేరే మారిపోయేది. మరుసటి ఏడాది అదే జట్టు 9వ స్థానంలో ఉందంటే అది పాతాళానికి పడినట్టా? తక్కెడలో ముల్లు కాస్త ఇటు జరిగినట్టా? ఆలోచించాల్సిందే.

గీలాంగ్ 2008లో లీగ్ దశ మొత్తంమీద ఒక్కటే మ్యాచ్ ఓడింది. చివరికి గ్రాండ్ ఫైనల్లో హాథార్న్ చేతిలో చతికిలబడింది. ఏడాదంతా ఫస్ట్ వచ్చిన పిల్లాడు వార్షిక పరీక్షనాడు తడబడినట్టు.

ఓడితే లాభమా?

ఆఖరున ఉంటే మంచి కుర్రాళ్లు దొరుకుతారంటే, కావాలనే ఓడిపోతే పోలా? ఈ దురాలోచన రాకుండా ఉంటుందా! మెల్‌బోర్న్ క్లబ్బు 2009లో అదే చేసిందంటూ పెద్ద దుమారం రేగింది. కావాలని ఓడినట్టు తేలలేదన్నారు కానీ 2013లో 5 లక్షల డాలర్ల జరిమానా వేశారు. ఆనాటి కోచ్, ఫుట్‌బాల్ మేనేజర్ సస్పెండయ్యారు.

అసలు కింద ఉన్నంతమాత్రాన పైకి వచ్చేస్తారన్న గ్యారంటీ కూడా లేదు. 2011లో మొదలైన గోల్డ్ కోస్ట్ సన్స్‌కు ఏటా మేలైన కుర్రాళ్లు దొరికారు. కానీ ఎదిగాక నిలవలేదు. ఆ జట్టు సహ కెప్టెన్లు టామ్ లించ్, స్టీవెన్ మే ఇద్దరూ 2018 చివర్లో ఒకేసారి వెళ్లిపోయారు. లించ్ రిచ్‌మండ్‌లో రెండు కప్పులు, మే మెల్‌బోర్న్‌లో ఒక కప్పు గెలిచారు. గోల్డ్ కోస్ట్ తొలిసారి ఫైనల్స్ ఆడటానికి 2025 దాకా, అంటే 15 సీజన్లు పట్టింది. 2021 డ్రాఫ్ట్‌లో తొలి ఎంపికగా నార్త్ మెల్‌బోర్న్‌కు వచ్చిన జేసన్ హార్న్ ఫ్రాన్సిస్ ఏడాదికే సొంతూరు అడిలైడ్‌లోని పోర్ట్ అడిలైడ్‌కు వెళ్లిపోయాడు. 18 ఏళ్ల పిల్లాణ్ని దేశంలో ఎక్కడికో పంపేస్తే ఇల్లు గుర్తుకు రాదూ!

అంటే నిబంధనలు నిచ్చెన వేస్తాయి. ఎక్కడం మాత్రం క్లబ్బు చేతుల్లోనే ఉంది.

అయినా నిలిచినవాళ్లు ఉన్నారు

గాలికి ఎదురీదిన జట్లూ ఉన్నాయి. మెల్‌బోర్న్‌కు 75 కిలోమీటర్ల దూరంలోని గీలాంగ్ అందుకు చక్కని ఉదాహరణ. 2007 నుంచి 2025 వరకు 19 సీజన్లలో ఆ జట్టు ఫైనల్స్‌కు రానిది రెండేసార్లు... 2015లో, 2023లో. నాలుగు కప్పులు గెలిచింది. దాని కిటుకు? 18 ఏళ్ల పిల్లల కోసమే కాచుక్కూర్చోకుండా, ఎవరూ పట్టించుకోని 23 ఏళ్ల టామ్ స్టీవర్ట్ లాంటివాళ్లను స్థానిక ఆటల్లోంచి ఏరుకుంది. సముద్రతీరం, పల్లెవాతావరణం ఇష్టపడే పెద్ద ఆటగాళ్లను ఆకర్షించింది. పాట్రిక్ డేంజర్‌ఫీల్డ్ ఆ తీరంలోని ఓ చిన్న ఊరివాడు. అడిలైడ్‌కు ఆడుతున్నవాడు 2015 చివర్లో సొంతగడ్డకు తిరిగొచ్చాడు. 2020 చివర్లో వచ్చిన జెరెమీ కామెరాన్‌దీ పశ్చిమ విక్టోరియా పల్లెటూరే. డబ్బుకు పరిమితి ఉంది కానీ ఊరిమీద మమకారానికి లేదు కదా!

ఇక బ్రిస్బేన్. 2017లో అట్టడుగున ఉన్న ఆ జట్టు 2019లో రెండో స్థానానికి ఎగబాకింది. 2023 ఫైనల్లో 4 పాయింట్ల తేడాతో ఓడింది. 2024లో కప్పు గెలిచింది. ఆ వెంటనే ప్రధాన ఫార్వర్డ్ జో డానిహర్ రిటైరైపోయాడు. అయినా 2025లో గీలాంగ్‌ను 47 పాయింట్లతో ఓడించి మళ్లీ గెలిచింది. దీని వెనుక ఓ వెసులుబాటు ఉంది. ఒక క్లబ్బుకు 100 మ్యాచ్‌లు ఆడినవాళ్ల కొడుకుల్ని తీసుకోవడంలో ఆ క్లబ్బుకే ముందు హక్కు. 2001, 02, 03ల్లో బ్రిస్బేన్ హ్యాట్రిక్ జట్టులో ఉన్న మార్కస్ ఆష్‌క్రాఫ్ట్ కొడుకు విల్ అలాగే వచ్చాడు. 2023లో మోకాలి గాయంతో గ్రాండ్ ఫైనల్ పోగొట్టుకున్నవాడు 2024, 2025 గ్రాండ్ ఫైనళ్లు రెండింటిలోనూ ఉత్తమ ఆటగాడు. తమ్ముడు లీవై కూడా 2025 జట్టులో ఉన్నాడు. వారసుల సంగతి మన సినిమావాళ్లకు ఎవరైనా చెప్పాలా! తేడా ఏమిటంటే ఇక్కడ ఆడకపోతే రెండో సినిమా ఉండదు.

మన హైదరాబాద్‌కు తెలియనిదా!

ఇదంతా ఎక్కడో సప్తసముద్రాల అవతలి గొడవ అనుకోకండి. 2008 తొలి ఐపీఎల్‌లో ఆఖరి స్థానం ఎవరిది? డెక్కన్ ఛార్జర్స్‌ది. 2009 విజేత? డెక్కన్ ఛార్జర్సే! 2016లో కప్పు గెలిచిన సన్‌రైజర్స్ హైదరాబాద్ 2023లో పదింటిలో పదోది. 2024లో రన్నరప్. 2025లో ఆరోది. ఐపీఎల్‌లోనూ జీతాల పరిమితి ఉంది. కొన్నేళ్లకోసారి భారీ వేలం పెట్టి జట్లన్నిటినీ కలిపి కలియబెడతారు. సూత్రం ఒకటే.

ఇలాంటి కట్టుబాట్లు లేనిచోట ఏమవుతుందో జర్మనీ సాకర్ చెబుతుంది. అక్కడ బేయర్న్ మ్యూనిక్ 2013 నుంచి 2023 వరకు వరుసగా 11సార్లు లీగ్ గెలిచింది. మ్యూనిక్‌లో పండగే. మిగతా ఊళ్లలో? ఆస్ట్రేలియా లీగ్‌లో 1990 నుంచి 2025 వరకు 18 క్లబ్బుల్లో 14 కనీసం ఒక్కసారైనా కప్పు ముట్టుకున్నాయి. నిలకడను బలిపెట్టి కొనుక్కున్నది ఇదే... అందరికీ ఆశ.

కానీ ఆ ఆశకూ ఓ ధర ఉంది. ఒక ఆటగాడి జీవితం పది, పదిహేనేళ్లు. 'ఈసారి పోతే వచ్చేసారి' అనుకునే వీలు ఈ లీగ్‌లో లేదు. వచ్చేసారి ఉంటుందో లేదో ఎవరికీ తెలియదు.

ఆ పతకం ఎవరిది?

1989లో చందాలతో బతికిన ఫుట్‌స్క్రే క్లబ్బే ఇవాళ్టి వెస్టర్న్ బుల్‌డాగ్స్. మెల్‌బోర్న్ పశ్చిమ శివార్ల జట్టు అది. టార్నీట్, పాయింట్ కుక్, వెర్రిబీ... మన తెలుగు కుటుంబాలు ఇళ్లు కొనుక్కుని స్థిరపడుతున్నదీ అటువైపే. 1954 తర్వాత ఆ క్లబ్బుకు కప్పు లేదు. కెప్టెన్ బాబ్ మర్ఫీ లీగ్‌లో ఆ ఒక్క క్లబ్బుకే ఆడాడు. 2016 సీజను మొదట్లోనే మోకాలి లిగమెంట్ తెగింది. ఆ ఏడాదికి అతడి ఆట ముగిసింది.

సరిగ్గా ఆ ఏడాదే జట్టు 7వ స్థానంతో ఫైనల్స్‌లోకి దూరి, పెర్త్‌లో వెస్ట్ కోస్ట్‌నూ, మూడుసార్ల విజేత హాథార్న్‌నూ, సిడ్నీ గడ్డమీద జీడబ్ల్యూఎస్ జెయింట్స్‌నూ ఓడించి, గ్రాండ్ ఫైనల్లో సిడ్నీ స్వాన్స్‌ను 22 పాయింట్లతో మట్టికరిపించింది. 62 ఏళ్ల నిరీక్షణ ముగిసింది. కెప్టెన్ మాత్రం ఆడలేక చూస్తూ ఉండిపోయాడు.

వేదికమీద కోచ్ బెవరిడ్జ్‌కు విజేత కోచ్ పతకం వేశారు. ఆయన మైకులో మర్ఫీని పైకి పిలిచాడు. తన మెడలోని పతకం తీసి అతడి మెడలో వేశాడు. స్టేడియం మొత్తం కన్నీరుపెట్టింది.

మర్ఫీ కోలుకుని 2017లో మళ్లీ కెప్టెన్‌గా బరిలోకి దిగాడు. ఈసారైనా సొంత పతకం గెలవాలన్నది అతడొక్కడి కోరికే కాదు, ఆ శివార్లన్నిటి కోరిక. జట్టు దాదాపు అదే. కోచ్ అతడే. కానీ పైన చెప్పుకొన్న తాళ్లన్నీ ఒక్కొక్కటిగా బిగుసుకున్నాయి. 10వ స్థానం. ఫైనల్స్ లేవు. 312 మ్యాచ్‌లు ఆడిన మర్ఫీ ఆ ఏడాదే రిటైరయ్యాడు. ఆటగాడిగా కప్పు లేకుండానే.

అందుకే అక్కడ కప్పు గెలిచిన రాత్రి ఎవరూ ఇంటికి తొందరగా వెళ్లరు. తాతలు మనవళ్లను భుజాలకెత్తుకుని వీధుల్లో తిరుగుతూనే ఉంటారు. మళ్లీ ఎప్పుడో తెలియదు మరి. వచ్చే ఏడాదే కావచ్చు. ఇంకో 62 ఏళ్లూ కావచ్చు!